జాప్యమెచ్చట? – గృహ నిస్తంత్రి చరిత్ర చెప్పు పాఠములు

రేడియో గల ఇండ్లలో పూర్వము ఒక చిన్న విద్య ఉండెడిది. వార్తలు చదువు వేళ గరగర శబ్దము పుట్టినచో ఇంటి పెద్ద లేచి కారణము వెదకెడివాడు. మిద్దె మీది ఏరియల్ తీగ జారినదా, ఎర్తు తీగ పాతిన చోట నేల ఎండినదా, ప్రక్క యింటి మోటారు తిరుగుచున్నదా, లేక దూరమున ఉరుములున్నవా అని ఒక్కొక్కదానిని వేరుచేసి చూచెడివాడు. పెట్టెను మార్చుట అన్నిటికంటె కడపటి మాట.

నేడు తిరుపతి, చిత్తూరు పట్టణములలోను, చుట్టుపట్ల పల్లెలలోను పెక్కు ఇండ్లలో ఇంకొక చిన్న పెట్టె చేరినది. దీపములు మినుకుమనుచుండు ఆ పెట్టెకు రౌటరు అని పేరు. తిరుమల దర్శనపు టిక్కెట్లు, కళాశాల ప్రవేశపు దరఖాస్తులు, పింఛనుదారుల జీవన ప్రమాణ పత్రములు, దూరదేశమున నున్న బిడ్డల పలకరింపులు, అన్నియు దాని ద్వారముననే వచ్చి పోవుచున్నవి. 2020 మార్చిలో దేశమంతటను రాకపోకలు నిలిచిపోయిన పిమ్మట బడి పాఠములు సైతము ఆ ద్వారముననే వచ్చినవి. అట్టి పెట్టె మందగించినపుడు మనము చేయు మొదటి పని యేమి? కంపెనీని నిందించుట, లేదా నెలకు ఎక్కువ రుసుము చెల్లించి పెద్ద వేగమును కొనుట. అటుపిమ్మట కూడ పుటలు మునుపటివలెనే నత్తనడక నడచినచో ఆశ్చర్యపోవుదుము.

మేము ఇచట చెప్పదలచినది ఒక్కటే. జాప్యమునకు ఒక చోటు ఉండును. ఆ చోటును కనుగొనకమున్ను చేయు ఖర్చు చాలవరకు వ్యర్థము. ఈ వలలను నిర్మించిన వారు కూడ గత యేబది సంవత్సరములలో ఈ చిక్కునే పలుమారు లెదుర్కొనిరి. వారు దానిని విప్పిన తీరు మన యింటికిని వర్తించును.

ప్రతిధ్వని తెలుపు జాడ

తిరుపతి నుండి చిత్తూరునకు పోవు దారిలో, కొండల నడుమ, గాదంకి అను గ్రామము కలదు. అచ్చట 1990ల తొలి సంవత్సరములలో మన శాస్త్రజ్ఞులు ఆకాశమును పరీక్షించు ఒక గొప్ప రాడారును నెలకొల్పిరి. 130 మీటర్ల పొడవును, అంతే వెడల్పును గల మైదానమున 1,024 జంట యాగీ ఏరియళ్లు వరుసకు 32 చొప్పున నిలిచి యున్నవి. 53 మెగాహెర్ట్జ్ పౌనఃపున్యమున, గరిష్ఠముగా 25 లక్షల వాట్ల శక్తితో పనిచేయునట్లు ఆ యంత్రము రూపొందినది. 2005 నుండి ఆ సంస్థకు జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల అని పేరు.

ఆ రాడారు పని వినుటకు సులభముగా ఉండును. అది ఒక తరంగపు తునకను పైకి పంపును. గాలిలో సంక్షోభమున్న చోట అందలి అత్యల్ప భాగము వెనుకకు మరలును. అది తిరిగివచ్చుటకు పట్టిన కాలమును బట్టి ఆ సంక్షోభము ఎంత యెత్తున నున్నదో తెలియును. 15 కిలోమీటర్ల ఎత్తు నుండి మరలిన ప్రతిధ్వని సెకనులో పదివేలవ వంతు కాలమున వచ్చి చేరును. అనగా, చోటును తెలుపునది ప్రతిధ్వని బలము కాదు, దాని కాలము.

కంప్యూటరు వలలలో జాప్యమును వెదకుటకు కూడ ఈ ఉపాయమే అక్కరకు వచ్చినది. 1983 డిసెంబరులో అమెరికా సైన్యపు పరిశోధనశాలలో పనిచేయుచుండిన మైక్ మూస్ అను నతడు తన వల వింతగా ప్రవర్తించుట చూచి, కారణము వెదకుటకై ఒక చిన్న ప్రోగ్రామును వ్రాసెను. అది అవతలి యంత్రమునకు ఒక చిన్న సందేశమును పంపి, మారుపలుకు వచ్చుటకు పట్టిన కాలమును కొలుచును. జలాంతర్గాములను వెదకు సోనారు యంత్రపు ధ్వనిని తలచుకొని అతడు దానికి 'పింగ్' అని పేరిడెను. ఆ సాధనము నేటికిని దాదాపు ప్రతి కంప్యూటరులోను కలదు. సెల్ ఫోనులకును అట్టివి ఉచితముగా దొరకును.

గాదంకి రాడారు ఎత్తులను వేరుచేయునట్లే, పింగ్ మన దారిని వేరుచేయును. ఫోను నుండి రౌటరు వరకు గల గాలి దారి ఒకటి, రౌటరు నుండి కంపెనీ వరకు గల తీగ దారి రెండవది, అచటి నుండి మనము కోరిన పుట ఉన్న దూరపు యంత్రము వరకు మూడవది. ఈ మూడింటిలో ఏది జాప్యమునకు నెలవో మొదట తేల్చవలెను.

నాలుగువందల గజముల కథ

1986 అక్టోబరులో అమెరికాలోని కాలిఫోర్నియాయందు జరిగిన ఒక సంగతి ఈ చరిత్రలో ముఖ్యమైనది. లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకును, బర్క్‌లీ విశ్వవిద్యాలయమునకును నడుమ దూరము సుమారు 400 గజములు. తిరుపతి రైలు స్టేషనులో దిగి గోవిందరాజస్వామి గోపురము దిక్కునకు నడచు పాటి దూరము. ఆ రెండింటి నడుమ సెకనుకు 32,000 బిట్లు పోవుచుండిన దారిలో ఒకనాడు హఠాత్తుగా 40 బిట్లు మాత్రమే పోసాగినవి. తీగ తెగలేదు, యంత్రము చెడలేదు.

వాన్ జాకబ్సన్ అను శాస్త్రజ్ఞుడు మైఖేల్ కారెల్స్ తో కూడి కారణమును శోధించెను. దారిలో రద్దీ యేర్పడి కొన్ని ప్యాకెట్లు జారిపోవుచుండెను. మారుపలుకు రాకపోవుటచే పంపిన యంత్రములు వానినే మరల మరల పంపుచుండెను. అందరును తొందరపడుటవలన దారి మరింత మూసికొనిపోయెను. జాకబ్సన్ చూపిన పరిహారము దారిని వెడల్పు చేయుట కాదు. ప్రతి యంత్రమును మొదట మెల్లగా ఆరంభించి, మారుపలుకులు సక్రమముగా వచ్చుచున్న కొలది వేగము పెంచవలెననియు, నష్టము కానవచ్చినచో వెంటనే తగ్గవలెననియు నియమము పెట్టెను. 1988లో ప్రకటింపబడిన ఆ పద్ధతికి సంతతియైన నియమములే నేటి యంత్రములలోను పనిచేయుచున్నవి.

మందగతికి బలహీనత ఒక్కటే కారణము కానేరదని, ఒకే దారిని పంచుకొనువారి తొక్కిడి అంతకంటె పెద్ద కారణము కావచ్చునని ఆనాడు తేలినది. ఇక మన యింటి గాలి దారికి వత్తము. అచట ఈ తొక్కిడి పుట్టుకతోనే వచ్చినది.

అందరి ఆకాశము

1933 నాటి చట్టమును బట్టి మన దేశమున నిస్తంత్రి పరికరమును కలిగియుండుటకు అనుమతి కావలసియుండెడిది. రేడియో పెట్టెకు ఏటేట తపాలా కార్యాలయమున రుసుము చెల్లించి లైసెన్సు పుస్తకముపై ముద్ర వేయించుకొనిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. 1980ల దశకమున ఆ పద్ధతి తొలగిపోయినది. మదరాసు కేంద్రము 1938లోను, విజయవాడ కేంద్రము 1948లోను, కడప కేంద్రము 1963లోను ప్రారంభమైనవి. ప్రతి కేంద్రమునకును ఒక పౌనఃపున్యము కేటాయింపబడెను. ఒకరి దారిలో ఇంకొకరు నడువరాదు.

రౌటరు నడచు దారికి ఇట్టి హద్దులు లేవు. 1945లో అమెరికాలో పెర్సీ స్పెన్సరు అను నతడు సూక్ష్మతరంగములతో వంట చేయు పద్ధతికి పేటెంటు కోరెను. 1947లో అట్లాంటిక్ సిటీయందు జరిగిన అంతర్జాతీయ సమావేశము పరిశ్రమలు, విజ్ఞానము, వైద్యము మొదలగు అవసరములకై కొన్ని పౌనఃపున్యములను విడిచిపెట్టెను. అందు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతము ఒకటి. సెకనుకు 240 కోట్ల కంపనములు గల ఆ చోట పొయ్యిల రొద ఉండునని భావించి, వార్తాప్రసారమునకు దానిని ఎవరును ఆశింపలేదు. 1985లో అమెరికా ప్రభుత్వము ఆ ప్రాంతమున అల్పశక్తితో, లైసెన్సు లేకయే మాటలాడుటకు అనుమతించెను. మన దేశమున అట్టి అనుమతి 2005 జనవరిలో నియమముల రూపమున వచ్చినది. పేదలకు మిగిలిన బంజరు నేలవంటి ఆ భాగముననే నేడు కోట్లకొలది ఇండ్లు కాపురమున్నవి.

యజమాని లేని ఆ దారిలో వంతు ఎట్లు తెలియును? దీనికి మార్గము పసిఫిక్ దీవులలో పుట్టినది. 1971లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ బృందము దీవుల నడుమ కంప్యూటర్లను నిస్తంత్రితో కలిపి 'అలోహా' వలను నడిపెను. ఎవరికి తోచినపుడు వారు మాటలాడవచ్చును. ఇద్దరు ఒకేసారి మాటలాడినచో ఇద్దరి మాటయు చెడును. అపుడు ఇద్దరును వేరువేరు కాలములు ఆగి మరల యత్నింపవలెను. లెక్క కట్టగా, ఆ పద్ధతిలో దారి యొక్క శక్తిలో నూటికి 18 వంతులు మాత్రమే ఫలించునని తేలెను. తరువాతి వారు దానికి ఇంకొక నియమము చేర్చిరి: మాటలాడుటకు ముందు వినవలెను, గాలి నిశ్శబ్దముగా నున్నపుడే నోరు విప్పవలెను. 1997లో వెలువడిన 802.11 అను ప్రమాణము ఈ మర్యాదను గైకొనెను. 1999లో దానికి వై-ఫై అను పేరు వచ్చెను.

మందగతికి ముఖ్య కారణము ఈ మర్యాదలోనే ఇమిడియున్నది. ఇంటిలోని ఫోనులు, టెలివిజన్, కంప్యూటరు ఒక ఛానలుపై నున్నపుడు ఒక వేళకు ఒకరే మాటలాడవలెను. ప్రక్క వాటాలోని రౌటరు అదే ఛానలుపై నున్నచో దాని మాట ముగియువరకు మన యంత్రము వేచియుండును. మూల గదిలో నున్న ఫోను మెల్లగా మాటలాడినచో అది గాలిని ఎక్కువసేపు ఆక్రమించును. 2003లో ఫ్రెంచి పరిశోధకులు ఈ సంగతినే నిరూపించిరి. దూరముననున్న ఒక్క మంద యంత్రము దగ్గరి వేగవంతమైన యంత్రములన్నిటిని తన స్థాయికి దించగలదు.

2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతమున మనకు 13 ఛానళ్లు కలవు. అవి ఒకదానిపై నొకటి పడియుండును. ఒకదానినొకటి తాకనివి 1, 6, 11 అను మూడు మాత్రమే. ఇరువది వాటాలున్న మేడలో ఇరువది రౌటర్లు ఈ మూడు దారులలో నడువవలెనన్నచో తొక్కిడి ఎంతయో ఊహింపవచ్చును. వంటయింట మైక్రోవేవ్ పొయ్యి వెలిగినచో దాని నుండి వెలువడు రొద కూడ తోడగును. ఆ చోటు మొదట దానిదే గదా!

గోడలు, ప్రతిధ్వనులు

మీడియం వేవ్ తరంగము పొడవు కొన్ని వందల మీటర్లు. అందుచేతనే అది కొండమలుపులను దాటి పల్లెలకు చేరును. గాదంకి రాడారు తరంగము సుమారు 5.7 మీటర్లు. వై-ఫై తరంగము 12.5 సెంటీమీటర్లు, జానెడైనను లేదు. పొట్టి తరంగములకు గోడలు పెద్ద అడ్డంకులు. పాత వీధులలోని ఇండ్లకు దళసరి రాతిగోడలు, క్రొత్త మేడలకు ఇనుప కమ్ములు నిండిన కాంక్రీటు. ఇనుప బీరువా, నిలువుటద్దము తరంగమును త్రిప్పికొట్టును. నీటి తొట్టి దానిని మ్రింగును.

ఇంటిలో ప్రతి గోడయు ఒక ప్రతిధ్వనిని పుట్టించును. ఒకే మాట పలుదారుల వచ్చి ఒకదానిపై నొకటి పడి చెడును. ఆస్ట్రేలియా దేశపు సి.ఎస్.ఐ.ఆర్.ఓ. సంస్థలో జాన్ ఓ సల్లివన్ బృందము 1990ల తొలినాళ్లలో దీనికి ఉపాయము కనుగొనెను. అంతకు పూర్వము అతడు కృష్ణబిలముల నుండి రాగల క్షీణమైన రేడియో ధ్వనులను వెదకియుండెను. ఆ ధ్వనులు అతనికి దొరకలేదు. కాని వానికై అభ్యసించిన గణితము ఇచట ఉపయోగపడెను. సందేశమును ఒకే వేగధారగా కాక, పెక్కు మంద ధారలుగా చీల్చి, ప్రక్కప్రక్క పౌనఃపున్యములపై ఒకేసారి పంపినచో ప్రతిధ్వనులు హాని చేయజాలవు.

తరువాత 5 గిగాహెర్ట్జ్ ప్రాంతము కూడ తెరువబడెను. మన దేశమున 2018 అక్టోబరు నియమములు అందులో విశాలమైన భాగమును లైసెన్సు లేకయే వాడుకొననిచ్చినవి. అచట ఛానళ్లు ఎక్కువ, తొక్కిడి తక్కువ. కాని తరంగము ఇంకను పొట్టిది, సుమారు 6 సెంటీమీటర్లు. కావున గోడలకు మరింత లొంగును. రౌటరున్న గదిలో అది మేలు. రెండు గోడల అవతల పాతదే మేలు కావచ్చును.

తీగ వెంబడి నిరీక్షణ

ఇక రెండవ దారి. 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ మన దేశమున ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించెను. అపుడు టెలిఫోను తీగపై సెకనుకు కొన్ని వేల బిట్లు మాత్రమే వచ్చెడివి. 2004 నాటి ప్రభుత్వ విధానము 256 కిలోబిట్ల వేగమును బ్రాడ్‌బ్యాండ్ అని నిర్వచించెను. 2017 డిసెంబరు 27న ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైనపుడు విద్యుత్ స్తంభముల మీదుగా గాజు తీగలు పల్లెలకు సాగినవి. అపుడు ప్రకటింపబడిన తొలి పథకము నెలకు 149 రూపాయలకు 15 మెగాబిట్ల వేగము.

దారి ఇంత వెడల్పైనను జాప్యము పోలేదేల? 2010లో జిమ్ గెట్టీస్ అను కంప్యూటరు నిపుణుడు తన యింట ఒక పెద్ద దస్తావేజును పంపుచుండగా తక్కిన పనులన్నియు స్తంభించుట గమనించెను. పింగ్ తో కొలువగా మారుపలుకునకు ఒక సెకనుకు మించి పట్టుచుండెను. శోధింపగా, యంత్రములలో ప్యాకెట్లు వేచియుండుటకై కేటాయించిన స్థలము మితిమీరి పెరిగినదని తేలెను. జ్ఞాపకశక్తి చౌకయగుటచే ఎవరికి వారు పెద్ద నిరీక్షణశాలలు కట్టిరి.

తిరుమల యాత్రికులకు ఇది వివరింప నక్కరలేదు. వైకుంఠం క్యూ కాంప్లెక్సులో కంపార్టుమెంట్లు ఎన్ని యున్నను, సన్నిధి ముందర సాగు వరుస వేగము పెరుగదు. లోపల కూర్చుండువారి సంఖ్యయు, వారు వేచియుండు కాలమును మాత్రమే పెరుగును. ఇంట ఒకరి ఫోనులోని ఫోటోలు, వీడియోలు దూరపు భాండారమునకు ఎగుమతి యగుచున్నపుడు, ఇంకొకరి చిన్న అభ్యర్థన ఆ పెద్ద మూట వెనుక నిలువవలసి వచ్చును. 2012లో కాథ్లీన్ నికొల్స్, వాన్ జాకబ్సన్ కలసి దీనికి పరిహారముగా, ప్యాకెట్టు వేచిన కాలమును కొలిచి వరుసను అదుపుచేయు పద్ధతిని ప్రకటించిరి. కొన్ని రౌటర్లలో అట్టి సదుపాయము కలదు.

పుట చదువుటకు ఈ నిరీక్షణ ప్రత్యేకముగా హానికరము. వెబ్ పుట ఒకే వస్తువు కాదు. పేరును అడిగి చిరునామా తెలిసికొనుట, పిమ్మట అక్షరములు, బొమ్మలు వేరువేరుగా తెచ్చుకొనుట, ఇట్లు పదులకొలది రాకపోకలు కావలెను. చెంబుతో తొట్టి నింపువానికి వీధి వెడల్పు కంటె బావి దూరము ముఖ్యము. కావుననే వేగపరీక్షలో పెద్ద సంఖ్య కనబడినను పుట ఆలస్యముగా తెరచుకొనవచ్చును.

అవతలి గట్టు

మూడవ దారి మన చేతిలో లేదు. దర్శనపు టిక్కెట్ల కోటా వెలువడు నిమిషమున లక్షలాది భక్తులు ఒకే ద్వారము తట్టుదురు. ఆ వేళ ఆ పుట ఒక్కటియే ఆగి, వార్తలు, పాటలు సాఫీగా వచ్చుచున్నచో, దోషము రౌటరుది కాదు, కంపెనీది కాదు. దరఖాస్తుల కడపటి దినమున పరీక్షల పుటలకును ఇదే గతి. అపుడు రౌటరును ఆపి వెలిగించుట వలన వరుసలో మన స్థానము పోవుట తప్ప లాభము లేదు.

వెదకు క్రమము

ఈ చరిత్ర నుండి ఇంటింటికి పనికివచ్చు క్రమమును మేము ఇట్లు కూర్చుచున్నాము.

మొదట, జాప్యము ఒక్క పుటయందా, అన్నిటియందా చూడవలెను. ఒక్కదానియందే యైనచో వేచియుండుట మేలు.

అన్నిటియందైనచో, రౌటరున్న గదిలోనే నిలిచి, రౌటరునకు పింగ్ పంపవలెను. మారుపలుకు సెకనులో వేయవ వంతులు కొన్నింటిలోనే, నిలకడగా వచ్చినచో గాలి దారి బాగున్నది. అది ఒకసారి 3, ఒకసారి 300 అగుచున్నచో గాలిలో తొక్కిడి యున్నది. వీలున్నచో కంప్యూటరును తీగతో రౌటరునకు తగిలించి చూడవలెను. తీగతో వేగముగాను, గాలిలో మందముగాను ఉన్నచో ఇక సందేహము లేదు. అపుడు రౌటరును బీరువా వెనుక నుండి, నేల మీద నుండి తీసి ఇంటి నడుమ ఎత్తైన బయటి చోట ఉంచవలెను. ఛానలును 1, 6, 11లలో ఇరుగుపొరుగు తక్కువగా నున్నదానికి మార్చవలెను. దగ్గరి యంత్రములను 5 గిగాహెర్ట్జ్ వైపునకు త్రిప్పవలెను. కదలని టెలివిజన్‌ను తీగతో కలిపినచో గాలిలో ఒక గొంతు తగ్గును. రహస్యపదమును మార్చినచో పిలువని అతిథులు తొలగుదురు.

తీగతో కూడ మందముగా నున్నచో, ఇంటిలోని తక్కిన యంత్రములన్నిటిని ఒక్కసారి ఆపి చూడవలెను. అపుడు చక్కబడినచో ఎవరిదో ఎగుమతి దారిని మూయుచున్నది. దానిని రాత్రి వేళకు మార్చిన చాలును. అన్నియు ఆపినను మందగతి పోనిచో, దోషము కంపెనీ తీగయందు ఉండవచ్చును. మూడు దినములు ఉదయము, మధ్యాహ్నము, రాత్రి కొలతలు కాగితముపై వ్రాసి ఉంచవలెను. సాయంకాలమున మాత్రమే సంఖ్యలు పడిపోవుచున్నచో వీధి వారందరి రద్దీ అని తెలియును. "మెల్లగా వచ్చుచున్నది" అను ఫిర్యాదు కంటె, తేదీలతో కూడిన ఆ కాగితమునకు సమాధానము చెప్పుట కంపెనీకి తప్పనిసరి యగును.

ఇంత చేసిన పిమ్మట పెద్ద వేగమును కొనవలెనని తేలినచో కొనవచ్చును. తీగ దారియే ఇరుకైనపుడు దానికి ఫలము ఉండును. కాని పరీక్షకు దరఖాస్తు పంపు విద్యార్థియు, పింఛను పత్రము సమర్పించు వృద్ధుడును ఉన్న ఇంటిలో నెలనెలా పోవు రెండువందల రూపాయలు చిన్న మొత్తము కాదు. గడువు తప్పుట అంతకంటె పెద్ద నష్టము. ఏరియల్ తీగను, ఎర్తు తీగను వేరుచేసి చూచిన పెద్దల ఓపిక ఆ రెండింటిని కాపాడును. అందుకు కావలసినది ఒక తీగ, ఒక కాగితము, ఒక సాయంకాలపు తీరిక.